గుజ్జనగూళ్ళ వెనక ఏముంది?



ఇంట్లో మూడు నాలుగేళ్ళ పిల్లవాడున్నాడంటే రోజుకి పదిసార్లయినా మన నోటివెంట వచ్చే మాట వొకటుంది. "చాల్లే ఆటలు!" అని. అన్నం దగ్గర ఆట, స్నానం దగ్గర ఆట, పక్కలు వేశాక ఆట. చెంబులో నీళ్ళు గ్లాసులోకి, గ్లాసులో నీళ్ళు చెంబులోకి, మధ్యలో సగం గచ్చు మీదికి. అప్పడాల కర్రకి తువ్వాలు చుట్టి జోకొడతారు. మనం వెతుక్కునే గరిటె మంచం కింద మైకైపోయి వుంటుంది. అసలు ఈ పిల్లలు ఎందుకిలా ఆడతారు? ఆకలేస్తే తింటారు, నిద్రొస్తే పడుకుంటారు, అవి తెలుస్తూనే వున్నాయి. ఆటతో కడుపు నిండదే, మరెందుకు?

ఇది పనిలేనివాళ్ళ ప్రశ్న అనుకోకండి. రెండువందల ఏళ్ళకి పైగా పెద్ద పెద్ద పండితులు దీని మీద వాదులాడుకున్నారు. నేను చదివింది పదో తరగతి దాకానే. ఇప్పుడు చెప్పబోయే సంగతులన్నీ లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని, మధ్యాహ్నాలు కూడబలుక్కున్నవే. అయితే చదువుతున్నకొద్దీ ఇందులో సగం మన ఇళ్ళల్లో రోజూ చూస్తున్నదేననిపించింది. మిగతా సగం తెలియక కాదు, తీరిక లేక పట్టించుకోనిది.

మొదట చెప్పుకోవలసింది ఇంగ్లండులో హెర్బర్ట్ స్పెన్సర్ అనే తత్త్వవేత్త మాట. పందొమ్మిదో శతాబ్దంవాడు. ఆయన ఏమన్నాడంటే, తిండి సంపాదించుకునే బాధ పిల్లలకి లేదు, ఒంట్లో సత్తువ మిగిలిపోతుంది, ఆ మిగిలినది పాలు పొంగినట్టు ఆటగా పొంగిపోతుందని. అంతకు ముందే, 1795లో, జర్మన్ కవి షిల్లర్ కూడా ఇంచుమించు ఇదే అర్థం వచ్చేలా రాశాడు. వినడానికి బాగానే వుంది. సాయంత్రం మేడ మెట్ల మీద పరుగులు పెట్టే పిల్లల్ని చూస్తే అవునేమో అనిపిస్తుంది కూడా. కానీ కళ్ళు మూతలు పడుతూ, తూలుతూ కూడా "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అనే పిల్లల మాటేమిటి? జ్వరంతో పడుకున్నవాడు దుప్పటి ముడతల్ని కొండలు చేసి, వేళ్ళని మనుషులు చేసి నడిపిస్తాడే, వాడికి ఏ సత్తువ పొంగిందని? స్పెన్సరుగారు జీవితాంతం పెళ్ళి చేసుకోలేదు. ఒక్క జ్వరం పిల్లవాడి పక్కన రాత్రంతా కూర్చుని వుంటే ఆ సిద్ధాంతం కొంచెం మార్చి రాసేవారేమో.

తమాషా ఏమిటంటే, 1883లో జర్మనీలో మోరిట్జ్ లాజరస్ అనే పండితుడు సరిగ్గా దీనికి ఎదురు చెప్పాడు. సత్తువ ఎక్కువై కాదట, అలసిన ప్రాణం తిరిగి తేరుకోవడానికి ఆడతారట. ఒకరేమో నిండి పొర్లుతోందంటారు, ఇంకొకరేమో అడుగంటిందంటారు!

ఆ తర్వాత వచ్చిన కార్ల్ గ్రూస్ మాట మాత్రం మనకి వెంటనే పట్టుబడుతుంది. 1896లో జంతువుల ఆటల మీద, 1899లో మనుషుల ఆటల మీద పుస్తకాలు రాశాడు. పిల్లికూన దారపుండ మీదికి దూకుతుంది చూడండి, రేపు ఎలకని పట్టడానికి అది ఇవాళ్టి సాధన. అలాగే మనిషి పిల్లలూ ముందు ముందు చెయ్యవలసినవన్నీ ఆటలో అలవాటు చేసుకుంటారు అన్నాడు. బాల్యం వుంది కాబట్టి ఆడుతున్నారని మనం అనుకుంటాం. ఆడుకోవడం కోసమే ప్రకృతి బాల్యమంటూ వొకటి ఇచ్చిందని ఆయన లెక్క.

ఇక్కడ నాకు కొంచెం పేచీ వుంది. ఈ మాట పట్టుకునే కదా మనవాళ్ళు ఆడపిల్లకి లక్కపిడతలు, మగపిల్లాడికి బండీ కొనిపెట్టడం! మా వీధిలో నాలుగేళ్ళ అబ్బాయి చెల్లెలి లక్కపిడతలు తీసుకుని గుజ్జనగూళ్ళు వండుతూంటే వాళ్ళ తాతగారు "ఆడంగి పనులేమిట్రా" అని లాగేసుకున్నారు. సాధనే అయితే వాడికి మాత్రం ఎందుకొద్దండీ? పెద్దయ్యాక వాడు అన్నం తినడా? పైగా పిల్లలు ఆడేవన్నీ రేపు చేసేవేనా? పులి అవుతారు, దయ్యం అవుతారు, రైలింజనవుతారు. గ్రూస్‌గారి సాధనలో రైలింజను ఎక్కడ ఇముడుతుంది?

ఇమిడేచోటు ఇంకొకాయన చూపించారు. సిగ్మండ్ ఫ్రాయిడ్ పేరు మీరు వినే వుంటారు. 1920లో ప్రచురించిన వొక పుస్తకంలో ఏడాదిన్నర మనవడి ఆట గురించి రాశాడు. దారం కట్టిన చెక్క రీలొకటి వాడి చేతిలో వుండేది. దాన్ని మంచం అంచు అవతలికి విసిరి, కనిపించకుండా పోగానే "ఓ..." అని రాగం తీసేవాడు. "పోయింది" అని దానర్థం. దారం పట్టి లాగి, రీలు కనబడగానే "ఇదిగో" అనేవాడు. మళ్ళీ విసిరేవాడు. వాళ్ళమ్మ అప్పుడప్పుడు వాణ్ణి వదిలి బయటికి వెళ్ళేది. వాడు ఏడ్చేవాడు కాదు, కానీ ఈ ఆట ఆడేవాడు. అమ్మ వెళ్ళిపోవడం వాడి చేతిలో లేదు. రీలు వెళ్ళడం, రావడం వాడి చేతిలోనే వుంది. ఆ పని వాడి మనసుకి చేసే మేలు ఏమిటో ఫ్రాయిడ్ అక్కణ్ణించి ఆలోచించాడు.

ఆయన చెప్పినవన్నీ నేను వొప్పుకోలేను గానీ, ఇది మాత్రం మన కళ్ళముందు జరుగుతూనే వుంటుంది. ఆస్పత్రిలో సూది వేయించుకుని ఇంటికొచ్చిన పిల్ల వారం రోజులపాటు బొమ్మలకీ, తలగడలకీ, నానమ్మకీ కూడా సూదులు వేస్తుంది. "ఏడవకూడదు, అయిపోయింది" అని డాక్టరు గొంతుతో అంటుంది కూడా. అక్కడ తను సూది పడ్డ మనిషి, ఇక్కడ సూది వేసే మనిషి. ఇంట్లో రెండో బిడ్డ పుట్టినప్పుడు చూడండి, పెద్దది బొమ్మని నేలకేసి కొడుతుంది. మనం వెంటనే "తప్పు, పాపని అలా కొట్టచ్చా?" అంటాం. ఆగండి. బొమ్మనే కదా కొట్టింది? ఆ కోపం బొమ్మ మీద తీరుతోంది. చంటిబిడ్డ మీదికి వెళితే ఆపాలి గానీ, బొమ్మ మీద తీరే దుఃఖాన్ని తీరనివ్వాలి. ఈ దారిలోనే మెలనీ క్లైన్, ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్ పిల్లల మనసులోని బాధలు తెలుసుకోవడానికి ఆటబొమ్మలు వాడారు. పిల్లల ఆటకి అర్థం చెప్పే విషయంలో ఆ యిద్దరికీ పెద్ద తగాదా నడిచింది. ఆ గొడవ మనకెందుకు గానీ, మాటలు రానివాడు ఆటలో మాట్లాడుతున్నాడన్నది మాత్రం పట్టుకుందాం.

ఇప్పుడు బడి సంగతికి వస్తాను. ఎల్.కె.జి., యు.కె.జి. అంటూంటామే, అందులో "కె.జి." అంటే కిండర్‌గార్టెన్. జర్మన్ భాషలో "పిల్లల తోట". ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ అనే ఆయన 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న వూళ్ళో పసిపిల్లల కోసం వొక సంస్థ మొదలుపెట్టి, 1840లో ఈ పేరు పెట్టాడు. మొక్కలకి తోటమాలి ఎలాగో పిల్లలకి పంతులమ్మ అలాగ అని. వాళ్ళ చేతికి ఆయన పలకా పుస్తకం ఇవ్వలేదు. మొదటి "కానుక" ఉన్నితో అల్లిన ఆరు రంగుల బంతులు. రెండోది చెక్కతో చేసిన గుండు, ఘనం, స్తంభం. తర్వాత కట్టుకునే దిమ్మలు. ఆట, పాట, తోటపని, ఇదే అక్కడి చదువు. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఈ తోటల్ని నిషేధించింది! ఆయన అన్నకొడుకు రాసిన విప్లవ రాతలు ఈయనవే అనుకున్నారు, నాస్తికత్వం నేర్పుతున్నాడన్నారు. ఆ మరుసటి ఏడే ఆయన పోయాడు. 1860లో గానీ నిషేధం ఎత్తెయ్యలేదు. బంతులాట నేర్పినందుకు సర్కారువారు భయపడ్డారంటే నవ్వొస్తుంది కదూ? మరి అదే పేరు బోర్డు మీద రాసుకుని, మూడేళ్ళవాడి చేత వందదాకా అంకెలు దిద్దిస్తున్న మన బళ్ళని చూస్తే నాకు నవ్వు రాదు.

మరియా మాంటిసోరి పేరు కూడా బోర్డుల మీద కనిపిస్తూంటుంది. ఆవిడ డాక్టరు. 1907లో రోము నగరంలో పేదల పేటలో పిల్లల ఇల్లు తెరిచారు. 1939లో మన మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం కారణంగా ఇటలీ మనిషి కాబట్టి నిర్బంధంలో చిక్కుకుని, 1946 దాకా ఇక్కడే వుండిపోయారు. ఎంతోమందికి శిక్షణ ఇచ్చారు. బొమ్మలు పక్కన పడేసి పిల్లలు నిజం పని కోసం ఎగబడతారని ఆవిడ గమనించారు. నీళ్ళు వొంపడం, బొత్తాలు పెట్టుకోవడం, తుడవడం. ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. బఠానీలు వొలవడానికి కూర్చోండి, బొమ్మలన్నీ వదిలేసి పక్కన చేరతారు. వొలిచినవి సగం నోట్లోకి పోతాయనుకోండి, అది వేరే సంగతి. కానీ, లేనిదాన్ని వుందనుకుని ఆడే ఆటల మీద ఆవిడకి అంత మోజు లేదు. ఇక్కడ నేను ఆవిడ పక్షం కాను. గుజరాత్‌లో భావ్‌నగర్‌లో 1920లో బాలమందిరం నడిపిన గిజూభాయి బధేకా, ప్లీడరు పని మానుకుని వచ్చినాయన, మాంటిసోరి పద్ధతే తీసుకున్నారు. కానీ కథలూ, పాటలూ, నాటకాలూ మాత్రం వదల్లేదు. ఆయన్ని "మీసాల అమ్మ" అని పిలిచేవారట. ఆ పేరు చాలదూ ఆయనెలాంటివారో చెప్పడానికి!

ఈ "లేనిదాన్ని వుందనుకోవడం" ఎప్పుడు మొదలవుతుందో తన ముగ్గురు పిల్లల్ని కనిపెట్టి చూసి రాసినవాడు స్విట్జర్లండువాడు, జాన్ పియాజే. ఏడాదీ మూడు నెలల వయసులో ఆయన కూతురు, తన దిండు అంచులాంటి కుచ్చులున్న గుడ్డముక్క వొకటి చూసింది. దాన్ని పట్టుకుని, బొటనవేలు నోట్లో పెట్టుకుని, వొరిగి పడుకుని, గట్టిగా నవ్వింది. నిద్ర రాలేదు, నిద్రపోతున్నట్టు ఆడుతోంది. అంతే కదా అనిపిస్తుంది. కానీ ఒక వస్తువు ఇంకో వస్తువుకి బదులు నిలబడగలదని ఆ పిల్లకి తెలిసిన రోజు అది. గుడ్డ దిండుకి బదులు నిలబడితే, రేపు "అ" అనే గీత ఒక శబ్దానికి బదులు నిలబడుతుంది. మొదట చేతులాడించే ఆట, తర్వాత ఈ వుత్తుత్తి ఆట, ఆ తర్వాత గోళీలు, తొక్కుడుబిళ్ళలాంటి నియమాలున్న ఆట, ఇలా వరస చెప్పాడాయన.

రష్యాలో లెవ్ వైగాట్‌స్కీ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. 1933లో లెనిన్‌గ్రాడులో వొక ఉపన్యాసం ఇచ్చాడు. మరుసటి ఏడు క్షయతో పోయాడు, ముప్ఫై ఏడేళ్ళకే. ఆ ఉపన్యాసం అచ్చులోకి రావడానికి 1966 దాకా పట్టింది. కర్ర గుర్రమయింది సరే, కానీ వుత్తుత్తి ఆటలోనూ నియమం వుందంటాడాయన. అమ్మగా ఆడే పిల్ల అమ్మలాగే వుండాలి, మధ్యలో పాపలా ఏడవకూడదు. మనం చెబితే వినని పిల్లలు ఆటలో తమకి తామే కట్టుబడతారు. అందుకే ఆటలో పిల్లవాడు తన వయసుకన్నా తలెత్తు పెద్దవాడవుతాడని ఆయన భావం. ఆయన తర్వాత, 1948లో, మనుయిలెంకో అనే రష్యన్ పరిశోధకురాలి పరీక్ష ప్రచురించారు. కదలకుండా నిలబడమంటే నిలబడలేని నాలుగైదేళ్ళ పిల్లలు, "నువ్వు కాపలా సిపాయివి" అంటే ఎంతోసేపు నిలబడ్డారు. తల దువ్వించుకోని పిల్లతో మీరూ ఓసారి చేసి చూడండి, "మహారాణీవారు కదలకూడదు" అని.

ఇదంతా చదువుతూంటే నాకు మన పెరళ్ళల్లోని వొక మాట గుర్తొచ్చింది. ఆటలో అరటిపండు. పది మంది పిల్లలు ఆడుతూంటే మూడేళ్ళ చంటిది "నేనూ" అని ఏడుస్తూ వస్తుంది. పంపేస్తే అమ్మ తిడుతుంది, చేర్చుకుంటే ఆట చెడుతుంది. అందుకని అది అరటిపండు. అందరితో పరిగెత్తుతుంది, ముట్టుకున్నా అవుట్ కాదు, దొంగ పెట్టక్కర్లేదు. ఏ పుస్తకం చదివి కనిపెట్టారండీ దీన్ని మన పిల్లలు? పెద్దవాళ్ళ మధ్య తిరిగి తిరిగి చిన్నది నియమాలు నేర్చుకుంటుంది, పెద్దవాళ్ళకి చిన్నదాన్ని కాచుకోవడం అలవడుతుంది. ఒకే వయసు పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టే మన బళ్ళల్లో అరటిపండుకి చోటు లేదు.

"మావాడు ఎవరితోనూ కలవడండీ, పక్కన కూర్చుంటాడు గానీ ఎవరి ఆట వాళ్ళదే" అని బెంగపడే తల్లులున్నారు. 1932లో అమెరికాలో మిల్డ్రెడ్ పార్టెన్ అనే ఆవిడ మిన్నెసోటాలోని నర్సరీ పిల్లల్ని గమనించి, రెండు మూడేళ్ళ వయసులో అలా పక్కపక్కన విడివిడిగా ఆడటం మామూలేనని చూపించారు. చూస్తూ వుండిపోవడం కూడా వొక రకం ఆటే. ఇవేవో మెట్లనుకుని, ఇంకా ఎక్కలేదే అని కంగారుపడకండి. పెద్ద పిల్లలూ హాయిగా ఒంటరిగా ఆడుకుంటారు.

సరే, ఇక అసలు చిక్కు. ఒక సోదరి వుత్తరం రాసింది. మూడున్నరేళ్ళ పాపట. బడివాళ్ళు పిలిచి, "మీ పాప రాయడం లేదు, ఇంట్లో రోజూ రెండు పేజీలు దిద్దించండి" అన్నారట. పాప పెన్సిలు చూస్తేనే బల్ల కింద దూరుతోందట. "తల్లివి నువ్వేం చేస్తున్నావు" అని అత్తగారి దెప్పు. భర్తకి తీరిక లేదు. "నేను ఇంట్లోనే కదా వుంటాను, ఇది కూడా చేయించలేనా అని నాకే సిగ్గేస్తోంది" అని రాసింది. ఆ వాక్యం చదివి నాకు బడి మీద కోపం వచ్చింది. మూడున్నరేళ్ళ పిల్ల వేళ్ళల్లో ఇంకా కండ పట్టదు. చపాతీ పిండి పిసికితే, పూసలు గుచ్చితే, కాగితం చింపితే ఆ పట్టు వస్తుంది, పెన్సిలు దానివెనక వస్తుంది. ఇది నా మాట ఒక్కటే కాదు. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆట ద్వారానే నేర్పమంది. దాన్ని అనుసరించి 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి నిర్ణీత పాఠ్యపుస్తకాలే వద్దంది. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం కింద నడిచే అంగన్‌వాడీలో కూడా ఆటాపాటా వుంది. అమ్మా, బడికి వెళ్ళి ఆ మాట అడుగు. కోప్పడక్కర్లేదు, "ఆట ఎంతసేపండీ, మట్టి ఎక్కడుందండీ" అని అడుగు. నువ్వొక్కదానివీ అడిగితే తోసేస్తారు, నలుగురు తల్లుల్ని వెంటపెట్టుకుని వెళ్ళు.

తల్లుల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఫీజు కట్టేది అప్పుచేసి కావచ్చు. మన పిల్ల వెనకపడిపోతుందేమోననే బెదురు వుత్తది కాదు. కానీ ఆ బెదురునే సొమ్ము చేసుకునేవాళ్ళున్నారు. "మెదడు పెంచే బొమ్మలు" అని వేలకి వేలు. ఇక్కడ వొక నిజం చెప్పాలి. వుత్తుత్తి ఆటవల్లే తెలివితేటలు పెరుగుతాయనడానికి గట్టి రుజువులు ఇంకా లేవని, 2013లో ఆంజెలిన్ లిలార్డ్ అనే పరిశోధకురాలు, సహచరులతో కలిసి అంతదాకా వచ్చిన పరీక్షలన్నీ జల్లెడపట్టి చెప్పారు. అంటే మార్కులొస్తాయని ఆడించేవాళ్ళకి భరోసా లేదన్నమాట. పోనీండి. అన్నం మార్కుల కోసం పెడుతున్నామా?

ఈ సిద్ధాంతాలు రాసినవాళ్ళల్లో ఎక్కువమంది మగవాళ్ళు. ఆట అయ్యాక ఆ పిండీ, నీళ్ళూ ఎవరు తుడిచారో వాళ్ళు రాయలేదు. కాబట్టి నేను మిమ్మల్ని వంట మానేసి పిల్లలతో కూర్చోమనను. ఇంట్లో ఒక మూల వాళ్ళకి వదిలెయ్యండి, రోజూ కొంత వేళ వదిలెయ్యండి. అట్టపెట్టె, పాత చున్నీ, మూతలు, గిన్నెలు, వీలైతే ఏటికొప్పాక లక్కబొమ్మ వొకటి. మూల సర్దే పని మీతోపాటు ఇంటాయనకీ వుండనివ్వండి. ఫోను చేతికిచ్చి అన్నం పెట్టే అలవాటు మాత్రం మానాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, రెండేళ్ళు నిండేదాకా తెర చూపించకపోవడమే మంచిదని, రెండు నుంచి నాలుగేళ్ళవాళ్ళకి గంట మించకూడదని. ఏడాది దాటినవాళ్ళు రోజు మొత్తంలో 180 నిమిషాలు ఒళ్ళు కదిలించాలంది. అపార్టుమెంట్లలో ఇది కష్టమే. కింద కార్లు పెట్టుకునే చోటు సాయంత్రం గంటసేపు పిల్లలకి ఖాళీ చేయించమని మీ సంఘంవాళ్ళని అడగండి.

వామనగుంటలు, గవ్వలు, అచ్చనగాయలు అటక మీద వుంటే దింపండి, లెక్కలు వాటంతటవే వస్తాయి. అయితే చింతగింజలు, గవ్వలు, పూసలు, నోట్లో పట్టే ఏ వస్తువూ మూడేళ్ళలోపు పిల్లల చేతికి ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. పెద్ద పిల్లలు ఆడుతూంటే చంటివాడు పక్కన చేరతాడు, ఆట కాగానే లెక్కపెట్టి ఎత్తెయ్యండి. బొమ్మల్లో వుండే బొత్తాంలాంటి చిన్న బ్యాటరీలు మరీ ప్రమాదం, మింగితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. నీళ్ళాట ఆడుతున్నప్పుడు మాత్రం ఎంత పనున్నా పక్కనే వుండండి. సగం బకెట్టు నీళ్ళు చాలు చంటిపిల్లలకి ప్రాణం మీదికి రావడానికి. ఆట అయ్యాక బకెట్టు బోర్లించి పెట్టండి.